రేపటికి కట్టించిన పండుగప్ప

బావగారు చూపుడువేలి కొసతో పళ్లెం అంచున ఉన్న రసాన్ని తాకి నాలుక మీద పెట్టుకున్నారు. ముఖంలో ఏ మార్పూ లేదు. వేలిని పంచె చెంగుకు తుడుచుకుని, "ఇది రేపటికి బావుంటుంది. కట్టించెయ్యవోయ్" అన్నారు నాతో.

బల్ల మీద పండుగప్ప ఇంకా పొగలు కక్కుతోంది. దాని మీద పోసిన వేడి నూనె చిటపటలు అప్పుడే సద్దుమణిగాయి. అన్నం వడ్డించబోతున్న నా భార్య గరిటెను గిన్నెలోనే వదిలేసింది. చేప వండినాయన భుజాన తువ్వాలుతో మా పక్కనే నిలబడి ఉన్నాడు, మొదటి ముద్ద తిన్నాక మేమేమంటామో విందామని. అతనికి ఆ మాట వింతగా తోచింది. మాకు తోచలేదు. ఆ మాట ఎక్కడిదో మా ఇద్దరికీ తెలుసు.

ఇది రావులపాలెం దాటాక, సిద్ధాంతం వంతెన ఇంకా రాకముందు, హైవే పక్కన ఉన్న ఒక రేకుల షెడ్డులో జరిగింది. బోర్డు మీద 'చైనీస్ సీ ఫుడ్' అని తెలుగు అక్షరాలతో రాయించి పక్కన డ్రాగన్ బొమ్మ వేయించారు. వేసినవాడు ఈ చుట్టుపక్కల రథాలకు రంగులు వేసేవాడై ఉండాలి. ఆ డ్రాగన్‌కి అచ్చంగా గుడి తోరణంలోని మకరం మూతి వచ్చింది. లోపల ప్లాస్టిక్ కుర్చీలు, పై నుంచి వేలాడే ఎర్ర కాగితపు బుట్టలు. వానలకూ పొగకూ ఆ ఎరుపు వెలిసిపోయి ఉల్లిపాయ పొర రంగుకు దిగింది. అరటి గెలల లారీల వాళ్లు, బైకుల మీద వచ్చే కాలేజీ పిల్లలు అక్కడ చికెన్ నూడిల్స్ తిని వెళ్తుంటారు. మేము అటుగా ఎన్నోసార్లు వెళ్లాం గానీ ఎప్పుడూ ఆగలేదు.

ఆ రోజు ఆగడానికి కారణం చెప్పాలంటే అక్కయ్య పోయిన రోజు దాకా వెనక్కి వెళ్లాలి.

అక్కయ్య నాకంటే పెద్దది. ఆమెను పాలకొల్లుకు అవతల, కాలవగట్టు మీద ఉన్న ఊరికి ఇచ్చారు. బావగారిది వ్యవసాయం. ఆ ఊళ్లో చాలామంది వరి చేలను రొయ్యల చెరువులు చేసినా ఆయన చివరిదాకా వరే వేశారు. ఆయనకున్న ఒకే ఒక్క షోకు చేప. తెల్లారితే సైకిలెక్కి, మోకాళ్లు మొరాయించాక మోపెడ్ ఎక్కి, నర్సాపురం రేవు దాకా వెళ్లి చేప తెచ్చేవారు. చెవులు, అంటే మొప్పల మీది రేకులు, ఎత్తి చూసి, పొట్ట నొక్కి, వాసన చూసి, బేరం కుదిరాక కూడా ఇంకోసారి చెవులు ఎత్తి చూసేవారు. "పిల్లనిచ్చేటప్పుడు కూడా మా నాన్న ఇన్నిసార్లు చూడలేదు" అనేది అక్కయ్య.

మా వైపు చేపల పులుసుకు ఒక పద్ధతి ఉంది. మాంసం ఎప్పటికప్పుడు తినాలి, పులుసు మాత్రం మర్నాడు తినాలి. సాయంత్రం వండి, దాకలోనే, అంటే ఆ వెడల్పాటి మట్టిపాత్రలోనే, పొయ్యి మీద వదిలేస్తారు. గరిటె పెట్టరు. ముక్క చితుకుతుందని దాకను రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పుతారు. రాత్రంతా పులుపూ కారమూ ముక్కలోకి దిగుతాయి. తెల్లారి చద్దన్నంలో వేసుకుంటే అదీ పులుసు. వండిన పూటే తినేవాణ్ణి ఆబగాడు అంటారు. బావగారు ఈ విషయంలో మహా పట్టుదల మనిషి. ఎంత ఘుమఘుమలాడినా ఆ పూట ముట్టేవారు కాదు.

మాఘమాసంలో ఒక సాయంత్రం ఆయన మంచి పండుగప్పను తెచ్చారు. అక్కయ్య పులుసు పెట్టింది. రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు ఎప్పుడూ లేనిది, "ఒక్క ముక్క వెయ్యనాండీ, ఇవాళ బాగా కుదిరింది" అని అడిగిందట. "రేపటికి బావుంటుంది. రేపు తింటాలే" అన్నారట బావగారు. పప్పుచారు పోసుకుని లేచారు.

తెల్లవారుజామున ఆమె లేచి వంటింట్లోకి వెళ్లడం, దాక మీద మూత తీసి మళ్లీ పెట్టడం ఆయనకు నిద్రలోనే వినబడింది. తిరిగొచ్చి పడుకుంది. ఆ తరువాత లేవలేదు. మూత చప్పుడే తాను ఆఖరున విన్నదని ఆయన నాతో ఒక్కసారే చెప్పారు.

చావు జరిగిన ఇంట్లో అప్పటికి వండి ఉన్నదేదీ ఉంచకూడదు. అన్నం, కూర, పాలు, అన్నీ బయట పారబొయ్యాలి. ఇది ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. వచ్చినవాళ్లు వస్తూనే ఆ పని చేస్తారు. మేము రాజమండ్రి నుంచి వెళ్లేసరికే పక్కింట్లో ఉండే బావగారి వదినగారు దాకను రెండు చేతులా మోసుకెళ్లి పులుసుతో సహా కాలవలో విడిచిపెట్టి వచ్చారు. ఆమె చేసినదాంట్లో తప్పేమీ లేదు. నేనున్నా అదే చేసేవాణ్ణి. శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి, తడి పంచెతో వంటింటి గుమ్మంలో నిలబడి బావగారు అడిగారు.

"దాక ఏదీ?"

వదినగారే, "కాలవలో కలిపేశాను మరిదిగారూ, ఆనవాయితీ కదా" అన్నారు. ఆయన తలూపి వెళ్లి అరుగు మీద కూర్చున్నారు.

పెద్దకార్యం అయ్యాక నీచు ముట్టించడం అని ఉంటుంది మా ఇళ్లలో. చావు మైల పోయిందని చెప్పడానికి, అన్నాళ్లూ కూరగాయలే తిన్న ఇంటివాళ్లకు మళ్లీ చేపో మాంసమో పెడతారు. మొదటి ముక్క పోయినావిడ పుట్టింటివాళ్లు వెయ్యాలి. అమ్మా నాన్నా లేరు గనక ఆ పుట్టింటివాణ్ణి నేనే. విస్తరి ముందు కూర్చోబెట్టి బావగారికి చేప ముక్క వేశాను. ఆయన దానివంక చాలాసేపు చూశారు. తరువాత విస్తరి మడిచేశారు.

"ముందుది తినలేదు కదోయ్ ఇంకా" అన్నారు. "అది తినకుండా ఇదెలా తినను?"

పంతం అనుకున్నాం. నాలుగు రోజుల్లో సర్దుకుంటారనుకున్నాం. సర్దుకోలేదు. మజ్జిగన్నం, ఆవకాయ, అంతే. వదినగారు చేపల కూర పంపితే మూత తియ్యకుండా వెనక్కి పంపేవారు. పాలకొల్లు డాక్టరు కనీసం గుడ్డయినా తినమన్నాడు. "సరేనండి" అని వచ్చేసి తినలేదు. ఊళ్లో తోటివాళ్లు ఎగతాళి చేసి చూశారు. "ఏంటండీ, నర్సాపురం చేపలన్నీ మీ పేరు చెప్పి మొక్కు తీర్చుకుంటున్నాయంట" అన్నాడు ఒకాయన అరుగు మీద. బావగారు నవ్వారు. నవ్వినప్పుడు దవడ ఎముకలు కనబడ్డాయి. చేతి గడియారం మణికట్టు దగ్గర ఆగకుండా మోచేతి వైపు జారేది. దాన్ని కిందికి లాక్కోవడం ఆయనకు అలవాటైపోయింది. మనిషి ఇలా కొంచెం కొంచెంగా తనంతట తానే తరిగిపోతున్నాడని మాకు భయం పట్టుకుంది.

నిద్రకు తీసుకెళ్లడం అని ఇంకొక ఆనవాయితీ ఉంది. చావు జరిగిన ఇంటి మనిషిని దగ్గర బంధువులు తమ ఇంటికి తీసుకెళ్లి ఒక రాత్రి పడుకోబెట్టి పంపాలి. ఆ ఇంటి చూరు కింద తప్ప ఇంకో చోట కూడా నిద్ర పడుతుందని తెలియడానికి పెట్టి ఉంటారు. బావగారు దాన్ని వాయిదా వేస్తూ వచ్చారు. కోతలన్నారు, నూర్పిళ్లన్నారు, ఎండలన్నారు. ఆషాఢంలో, గోదావరికి ఎర్రనీరు వచ్చాక, నేను వెళ్లి, ఆయన బయల్దేరేదాకా అరుగు మీదే కూర్చుని రాజమండ్రి తీసుకొచ్చాను.

మా ఇంట్లో ఆయన హాల్లో పడుకున్నారు. తెల్లారి ఇద్దరం గట్టు దాకా నడిచాం. నీళ్లు ఇటుక రంగులో సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. పడవ కట్టేస్తున్న ఒకతన్ని బావగారు పిలిచి, "పులస తగులుతోందా?" అని చేప కబురు అడిగారు.

"ఇంకా లేదండి. వస్తదండి."

అంతే సంభాషణ. కానీ ఇంటికి రాగానే నా భార్యతో చెప్పాను. ఆమె వెంటనే, "అయితే వండనా ఇవాళ?" అంది. వద్దన్నాను. తొందరపెడితే మళ్లీ విస్తరి మడుస్తారని నా భయం. వంకాయ కూర చేసి పెట్టింది, కొద్దిగా తిన్నారు.

మధ్యాహ్నం బయల్దేరి ఆయన్ని ఊళ్లో దింపడానికి కారులో ముగ్గురం వెళ్తున్నాం. ఇంటి దగ్గర భోజనం సరిగా చెయ్యలేదు. నా భార్యకు షుగరు, వేళకు ఏదో ఒకటి పడకపోతే చేతులు వణుకుతాయి. రావులపాలెంలో భోజన హోటలు దగ్గర ఆపితే బల్లలు తుడుస్తున్నారు. "అయిపోయిందండి భోజనం. టిఫిన్ సాయంత్రమేనండి" అన్నారు. ఇంకో హోటలు దగ్గరా అదే మాట. వాన మొదలైంది. అప్పుడు కనబడింది ఆ మకరం మూతి డ్రాగన్.

"చైనా వాళ్ల హోటలా?" అన్నారు బావగారు.

"నూడిల్స్ ఉంటాయి అన్నయ్యగారూ. కూరగాయలతో అన్నం కూడా చేస్తారు" అంది నా భార్య.

"పోనీలే పద. వాళ్ల దగ్గర పులుసు ఉండదుగా."

లోపల మేం తప్ప ఎవరూ లేరు. గల్లాపెట్టె దగ్గర ఒకావిడ బీన్స్ తుంచుతోంది. మమ్మల్ని చూసి వెనక్కి తిరిగి, "ఏవండీ, మనుషులొచ్చారు" అని కేకేసింది. వంటగదిలోంచి వచ్చినాయన యాభై దాటినవాడు, లావుగా, నుదుటి మీద చెమటతో ఉన్నాడు. ఇద్దరూ ఇక్కడి వాళ్లే. నా భార్య కూరగాయల ఫ్రైడ్ రైస్ చెప్పింది. అతను తలూపాడు గానీ కదల్లేదు.

"చేపేమైనా తీసుకుంటారాండి? ఒక్క పండుగప్ప ఉందండి. పొద్దున అంతర్వేది నుంచి వచ్చింది. ఆవిరి మీద పెట్టి ఇస్తానండి, చైనా పద్ధతి."

"ఎవరూ తినరని తెలిసీ రోజూ ఒక చేప తెప్పిస్తారండి ఈయన" అంది ఆవిడ బీన్స్ వంక చూస్తూనే. "వచ్చినోళ్లందరూ చికెన్ నూడిలే అడుగుతారు. సాయంత్రానికి ఆ చేప మాకే."

"నేను సింగపూర్లో పన్నెండేళ్లు చైనా మేస్త్రి దగ్గర చేశానండి" అన్నాడతను మాతో.

"అందులో ఆరేళ్లు గిన్నెలు కడిగారండి."

"గిన్నెలు కడిగినా కళ్లు చూస్తాయి కదే!"

పండుగప్ప అనే మాట వినగానే నేను బావగారి వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించాను. వద్దని చెప్పబోతుండగా ఆయనే లేచారు.

"ఏదీ, చూపించు."

అతను ఐసు పెట్టె మూత తీశాడు. బావగారు వంగి, చేప చెవి ఎత్తి చూశారు. బొటనవేలితో పొట్ట నొక్కారు. గడియారం మోచేతి నుంచి జారి ఐసు మీద కొట్టుకుంది. పైకి లాక్కుని, ఇంకోసారి చెవి ఎత్తి చూశారు.

"నిన్నటిది కాదు" అన్నారు. "బావుంది."

మాఘం తరువాత ఆయన చెయ్యి చేపను తాకడం అదే మొదలు. నేను వంటాయనతో, ఆవిరి మీదే చెయ్యమన్నాను. పులుసైతే ఆయనకు అక్కయ్య గుర్తొస్తుంది. కారం, పసుపు, చింతపండు ఏవీ లేని ఈ పరాయి వంటైతే ఆ జ్ఞాపకం తగలకుండా ఒక ముక్క లోపలికి వెళ్తుందేమోనని నా ఆశ. పుట్టింటివాణ్ణి నేను పక్కనే ఉన్నాను. ముక్క నేనే వేస్తాను. ఎక్కడైతేనేం, ఆ తంతు ఇక్కడే జరిగిపోతుందనుకున్నాను. నా భార్యకు కూడా అదే తోచిందని ఆమె చూసిన చూపులో తెలిసింది.

చేప పొడుగాటి పళ్లెంలో వచ్చింది. తెల్లగా, సన్నగా చీరిన అల్లం, ఉల్లికాడలు మీద పరిచి, కింద పలుచటి నల్లని రసం. మా ముందే వేడి నూనె పోశాడు. చుయ్యిమంది.

బావగారు దాన్ని పైకీ కిందికీ చూశారు. "పసుపు వెయ్యలేదేంటి?"

"వెయ్యకూడదండి."

"పులుపు?"

"ఉండదండి. చేప రుచి చేపదే."

బావగారు వేలు ముంచారు. నాలుక మీద పెట్టుకున్నారు. మొదట రాసిన మాట అన్నారు.

వంటాయన నవ్వాడు ముందు. ఆయన సరదాకి అన్నారనుకున్నాడు. తరువాత నవ్వు పోయింది.

"రేపటికా? అయ్యో, ఆగదండి. ఇది పొగ ఉండగానే తినాలండి. చల్లారిందంటే మళ్లీ నీచువాసన వేస్తది. నా మాట వినండి, ఒక్క ముక్క వేసుకోండి."

"ఏమయ్యా, చేప ఎప్పుడు తినాలో గోదావరి వాడికి సింగపూరు చెబుతుందా?"

"ఇది పులుసు కాదు బాబుగారూ!"

అతను గొంతు పెంచలేదు గానీ బాధపడ్డాడు. రోజూ ఎదురుచూసి, ఎట్టకేలకు ఒకరు అడిగితే వండిన చేప. దాన్ని చల్లార్చి డబ్బాలో పెట్టమంటున్నాడు ఈ ముసలాయన. మా మేస్త్రి అయితే కట్టడానికి ఒప్పుకోడండి, తినకపోతే పళ్లెం వెనక్కి తీసుకుపోతాడండి అని కూడా అన్నాడు.

"ఆయన చేప, ఆయనిష్టం. కట్టండి మీరు" అంది ఆవిడ.

"నీకు తెలీదు, ఊరుకో."

నా భార్య అతనికి ఏదో సైగ చెయ్యబోయింది. అతను చూడలేదు. ఏదో స్ఫురించినట్టు బావగారి వైపు వంగి మెల్లగా అడిగాడు.

"ఇంట్లో అమ్మగారి కోసమాండి?"

బావగారు అతని ముఖంలోకి చూశారు.

"అవును" అన్నారు.

"అలా చెప్పరే మరి!" వంటాయన ముఖం విప్పారింది. "అమ్మగారికైతే వేరండి. అలాగైతే నేను సర్ది ఇస్తాను. చూడండి, రసం వేరే డబ్బాలో పోస్తాను. చేపను దాంట్లో కలపకండి. ఫ్రిజ్‌లో పెట్టండి. అమ్మగారికి చెప్పండి, పొయ్యి మీద డైరెక్టుగా వేడి చెయ్యద్దని. గిన్నెలో నీళ్లు మరిగించి, పైన పళ్లెం పెట్టి, మూత పెట్టి, ఆవిరి పట్టాలండి. ఎక్కువసేపు వద్దు. మూత తియ్యగానే రసం వేడి చేసి పైన పోసుకోవాలండి. అప్పుడు కొంచెం నిలుస్తది. నేను చేసినంత రాదనుకోండి."

బావగారు శ్రద్ధగా విన్నారు. "రసం ఆఖర్నా?" అని అడిగారు. "ఆఖర్నేనండి" అన్నాడతను. బావగారు అదంతా మళ్లీ ఒకసారి వరసగా పైకి చెప్పుకున్నారు, బడిలో పిల్లవాడు అప్పజెప్పినట్టు. నీళ్లు మరిగించాలి, పైన పళ్లెం, మూత, రసం ఆఖర్న. నా భార్య కిటికీ వైపు తిరిగి వానను చూస్తూ కూర్చుంది. నేను ఫ్రైడ్ రైస్ కెలుకుతున్నాను. అబద్ధం చెప్పారని అనిపించలేదు. నిజం చెప్పారనీ అనలేను. అతను అడిగినదానికి బావగారి దగ్గర ఉన్న జవాబు అదొక్కటే.

బయల్దేరే ముందు ఇంకొకటి జరిగింది. మా వైపు చేపో మాంసమో పట్టుకుని దారిన వెళ్లేటప్పుడు పొట్లంలో ఒక బొగ్గు ముక్క వేస్తారు. నీచు వాసనకు గాలీ ధూళీ వెంటబడతాయని, బొగ్గుంటే దగ్గరికి రావని. చనిపోయినవాళ్లను గాలి అని అంటారు, పేరు పెట్టి అనరు. అక్కయ్య మా ఇంటికి కూర పంపినా బొగ్గు వెయ్యకుండా పంపేది కాదు. గల్లాపెట్టె దగ్గరి ఆవిడ డబ్బాలను సంచిలో పెడుతూ, "గ్యాసు పొయ్యిలండి, బొగ్గు లేదు. ఎండు మిరపకాయ వెయ్యనాండి? అదైనా పనిచేస్తదంటారు" అని అడిగింది.

"వద్దమ్మా" అన్నారు బావగారు. "ఎవరైనా వెంట వస్తే రానీ."

ఆవిడ చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. ఆవిడకు అప్పుడు అర్థమైందని నేననుకుంటున్నాను. భర్త మాత్రం వర్షంలో కారు దాకా గొడుగు పట్టుకొచ్చి, "అమ్మగారు ఏమన్నారో ఈసారి వచ్చినప్పుడు చెప్పాలండి" అని తలుపు వేశాడు.

సిద్ధాంతం వంతెన కింద వసిష్ఠ గోదావరి నిండుగా ఉంది. బావగారు వెనక సీట్లో సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. డబ్బా వేడి పంచెలోంచి తగులుతున్నట్టుంది, మధ్యమధ్య కింద చెయ్యి పెట్టుకుంటున్నారు. మార్టేరు దగ్గర, "మూత తీసి చూసింది, రుచి చూసిందో లేదో" అన్నారు. మాతో అనలేదు. నా భార్య కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఇంటికి చేరాక ఆయన నేరుగా వంటింట్లోకి వెళ్లి డబ్బాలు రెండూ ఫ్రిజ్‌లో వేర్వేరు అరల్లో పెట్టారు. పొద్దుపోకముందే మేము తిరిగి బయల్దేరాం.

మర్నాడు ఫోను చేశాను. వాన గురించి చెప్పారు, కాలవకు నీళ్లు ఎక్కువ వదిలారని చెప్పారు, నారు మునిగిందని చెప్పారు. నేను పత్రికలో పనిచేసినన్నాళ్లూ చావులున్న ఇళ్లకు వెళ్లి అడగాల్సినవన్నీ అడిగినవాణ్ణే. చేప తిన్నారా అన్న ఆ ఒక్కటి నోటిదాకా వచ్చి ఆగింది. "ఉంటానోయ్" అని ఆయన పెట్టేశారు.

అసలు నీచు ముట్టినట్టా కాదా అనే దాని మీద మా ఆడవాళ్లు ఫోన్లలో వాదించుకున్నారు. నాలుక మీద పడింది గనక ముట్టినట్టేనని నా భార్య. "వేలు నాకితే ముట్టినట్టేంటమ్మా, అలాగైతే ఉప్పు చూసినవాళ్లందరూ భోంచేసినట్టే. ముక్క పడాలి, అదీ పుట్టింటి చేత్తో పడాలి" అని వదినగారు. "పుట్టింటాయన డబ్బిచ్చి కొన్నాడు కదండీ" అని ఈమె. "కొన్నాడు, వెయ్యలేదు" అని ఆమె. ఇద్దరి మాటా సబబుగానే ఉంది.

ఆశ్వయుజంలో మేం మళ్లీ ఊరు వెళ్లాం. వంటింట్లో, దాక ఉండే అలమరలో, ఆ ప్లాస్టిక్ డబ్బాలు రెండూ శుభ్రంగా తోమి బోర్లించి ఉన్నాయి. బావగారు పెరట్లో ఉండగా వదినగారు గొంతు తగ్గించి తనకు తెలిసినది చెప్పారు. మేం వెళ్లిన మర్నాడు ఆయన వంటింటి కిటికీలోంచి ఆవిరి వచ్చిందట, అల్లం వాసన కూడా వేసిందట. సరే, తిన్నారు అనుకున్నారట. అయితే ఆ మధ్యాహ్నమే కాలవగట్టు మీద, ఆమె దాకను విడిచిపెట్టిన రేవు దగ్గర, కాకులు గోలగోలగా వాలి ఉన్నాయట. బావగారు తువ్వాలు దులుపుకుంటూ అటునుంచి రావడం ఆమె చూశారు. మొత్తం అక్కడ పెట్టి వచ్చారా, సగం పెట్టి సగం తిన్నారా, ముందు ఆయన తిన్నారా, ముందు అక్కయ్యకు పెట్టారా, ఆమె అడగలేదు. మేమూ అడగలేదు. ఆ రోజు మాకు వదినగారు కోడికూర చేశారు. బావగారు పప్పు వేసుకున్నారు, పెరుగు ఎక్కువ పోయించుకున్నారు. గడియారం మోచేతి దాకా జారలేదు గానీ, పట్టీ మార్పించారేమో.

ఇప్పుడు కార్తీకమాసం. మా వైపు ఎవరూ నీచు ముట్టరు గనక ఆయన తింటున్నారో లేదో చూసి చెప్పడానికి ఈ నెల వీలు లేదు. మొన్న పనిమీద తణుకు వెళ్తూ నేను ఒక్కణ్ణే ఆ షెడ్డు దగ్గర టీకి ఆగాను. కార్తీకం గనక బేరాలు లేవు, ఐసు పెట్టె బోర్లించి ఆరబెట్టారు. వంటాయన నన్ను గుర్తుపట్టి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గల్లాపెట్టె దగ్గర ఆవిడ తల వంచుకుంది.

"అమ్మగారికి నచ్చిందాండి చేప?" అని అడిగాడు.

కనుక్కుని చెబుతానన్నాను. ఇంకా కనుక్కోలేదు.